గాజుబుడ్డి గారికి నమస్కరించి వ్రాయునది

మాదాపూర్,
మూడో అంతస్తు, ప్రింటరు పక్క వరుస.

గౌరవనీయులైన గాజుబుడ్డి గారికి,

ఉభయకుశలోపరి. నా కుశలం తమరికి తెలిసిందే. రోజుకు తొమ్మిదిన్నర గంటలు తమరి ఎదుటే కూర్చుని పని చేసుకున్నవాణ్ణి. తమరి కుశలం గురించి నాకెన్నడూ సందేహం కలగలేదు, ఎందుకంటే గాజుకు చలి పుట్టదు, ఆకలి వెయ్యదు, లోపలి నీళ్లు మురిగినా ఊపిరి ఆడకపోవడమనేది ఉండదు. ఈ లేఖ తమరి కడుపులో పదకొండు నెలలు కాపురం చేసిన భీముడనే చేప గురించి.

తమరు మా కార్యాలయానికి వేంచేసిన వైనం ఒకసారి గుర్తు చేస్తాను. కిందటి ఫిబ్రవరిలో, పని ఒత్తిడిని తగ్గించుకోవడం ఎలాగనే విషయం మీద మా అందరికీ ఒక పూట ఉపన్యాసం ఇప్పించి, ఆ పూట ఆగిన పనిని రాత్రికి పూర్తి చేయించిన మర్నాడే, ఉద్యోగుల ఉల్లాసం చూసే కమిటీ వారు తమరిని, గుప్పెడు నీలిరంగు గోళీలను, ఒక ప్లాస్టిక్ కొబ్బరిచెట్టును, ఎర్రటి తోక ఉన్న ఒక ఫైటర్ చేపను ఒకే బిల్లు మీద కొనుక్కొచ్చారు. ఆ బిల్లు నేను చూశాను. అందులో అందరికన్నా ఖరీదైనవారు తమరే. చేప ధర గోళీల ధరకన్నా కాస్త తక్కువ.

దుకాణదారు చెప్పి పంపిన మాట కూడా కమిటీ వారు మాకు చదివి వినిపించారు: "దీనికేం అక్కర్లేదు సార్. మోటరొద్దు, హీటరొద్దు, పొద్దునో గింజ, సాయంత్రమో గింజ వేస్తే పడుంటది." ఏమీ అడగకుండా, ఇచ్చిన చోటులో సర్దుకుని, పక్కవాడితో మాట్లాడకుండా, చూడటానికి ఉత్సాహంగా కనిపిస్తూ పడి ఉండే ప్రాణి ఒకటి లోకంలో ఉందని తెలిసినప్పుడు మా మానవ వనరుల విభాగం వారి కళ్లలో మెరిసిన మెరుపును నేను ఇంతవరకు ఏ అభ్యర్థి బయోడేటా చూసినప్పుడూ చూడలేదు.

పేరు పెట్టడానికి ఓటింగు జరిగింది. ఫైటర్ కదా అని భీముడన్నారు. భారతంలో భీముడు కూడా విరాటుడి కొలువులో ఒక ఏడాది మారుపేరుతో గడిపాడు గాని, ఆయనకు దొరికింది వంటశాల. మన భీముడికి దొరికింది తమరు: మెడ దాకా నింపితే రెండు లీటర్లు పట్టే దేహం, తమరి నోట్లో గోళీలూ కొబ్బరిచెట్టూ పోగా మిగిలిన జాగా.

తమరి తరఫున వాదించేవారు ఎప్పుడూ ఒకే మాట చెబుతారు: ఇది గాలి పీల్చుకునే చేప, దీనికి నీళ్లు తక్కువైనా పరవాలేదు. మొదటి సగం నిజమే. ఈ ఫైటర్ చేపకు, అంటే బెట్టాకు, మొప్పలతోపాటు తలలో లాబిరింత్ అనే అవయవం ఒకటి ఉంటుంది. నీటిపైకి వచ్చి ఒక గుక్క గాలి మింగి, ఆ అవయవం ద్వారా ప్రాణవాయువును తీసుకుంటుంది. ఎండాకాలంలో నీళ్లు తగ్గి, వేడెక్కి, ఊపిరాడని స్థితి వచ్చినప్పుడు గండం గట్టెక్కడానికి ప్రకృతి ఇచ్చిన ఏర్పాటు అది. రెండో సగానికి నా జవాబు ఒక్కటే. మనుషులమూ గాలే పీలుస్తున్నాం, అంతమాత్రాన ఎవరూ లిఫ్టులో కాపురం పెట్టలేదు. రామ్‌నగర్ చేపల మార్కెట్లో కొర్రమీనును టబ్బుల్లో ప్రాణంతో పెట్టి అమ్మేది కూడా ఇలాగే, అది పైకొచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి. సాక్షాత్తూ తెలంగాణ రాష్ట్ర చేప. అయినా టబ్బులో బతికే ఉంది కదా, టబ్బే దాని ఇల్లు అని అక్కడ బేరమాడే ఏ ఒక్కరూ అనరు. ఆ తెలివి రామ్‌నగర్ నుంచి మాదాపూర్ వచ్చేలోపు ఏ సిగ్నల్ దగ్గర దిగిపోతుందో తెలియదు.

ఇంకో వాదం ఉంది. ఆ చేప పుట్టిల్లు థాయ్‌లాండ్ వరిమళ్లు, అక్కడ నీళ్లు జానెడే కదా అని. కోనసీమ చేలగట్టు మీద ఒక్కసారి నడిచినవారెవరూ ఈ మాట అనలేరు. లోతు జానెడే కావచ్చు, కాని ఆ జానెడు నీరు కనుచూపు మేర పరుచుకుని ఉంటుంది. అందులో దాక్కోవడానికి దుబ్బులుంటాయి, తినడానికి దోమపిల్లలుంటాయి, కాచుకునేందుకు ఎండ ఉంటుంది, ఇంకో మగచేప ఎదురైతే తప్పుకుని పారిపోవడానికి చోటుంటుంది. తమరి దగ్గర వాటిలో ఏది ఉంది? లోతొక్కటే జానెడు.

తాము ఆతిథ్యమిచ్చింది ఎవరికో కూడా తమరికి తెలిసినట్టు లేదు. థాయ్ ప్రజలు దాన్ని 'ప్లా కట్' అంటారు, కరిచే చేప అని అర్థం. 1840 ప్రాంతంలో సయాం, అంటే నేటి థాయ్‌లాండ్, రాజు మూడో రాముడు తన చేపలను కొన్నిటిని థియోడర్ కాంటర్ అనే వైద్యుడికి ఇచ్చాడని, దాంతో అది పాశ్చాత్యుల కంట పడిందని చెబుతారు. 1910లో రీగన్ అనే శాస్త్రవేత్త దానికి 'బెట్టా స్ప్లెండెన్స్' అని పేరు ఖాయం చేశాడు, రెండో మాటకు మెరిసిపోయేదని అర్థం. 2019లో థాయ్‌లాండ్ ప్రభుత్వం దాన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది. అటువంటి రాజుగారి కానుకకు మా దగ్గర పక్కవాటా స్టేప్లర్‌ది.

తమరి వంపుల గురించి ఒక్క మాట. గుండ్రటి గాజులో నీళ్లు పోస్తే అది భూతద్దమవుతుంది. రెండంగుళాల భీముడు బయటినుంచి మూడంగుళాలుగా కనిపించి, బాగా ఎదిగాడని మేమంతా సంబరపడ్డాం. లోపలినుంచి చూసేవాడికి మేమెలా కనిపించామో ఊహించడానికి భయంగా ఉంది. ఇటలీలో మోంజా పట్టణం 2004లోను, రోమ్ నగరం ఆ మరుసటి ఏడాదిలోను తమరి వంశాన్ని చేపల పెంపకం నుంచి బహిష్కరించాయి. ఆ సంగతి నేను కమిటీ వారికి విన్నవిస్తే, మన కార్యాలయానికి ఇటలీలో శాఖ లేదు కనుక ఆ నిబంధన మనకు వర్తించదన్నారు.

ఇక తమరి సమక్షంలో జరిగిన పెంపకం. ఉదయం లెక్కల విభాగం ఆవిడ వచ్చీ రాగానే, పాపం రాత్రినుంచి పస్తున్నాడని నాలుగు గింజలు వేసేది. పదింటికి రిసెప్షన్ అమ్మాయి, భోజనం తరవాత మా టీమ్ లీడరు, తెల్లవారుజామున రెండింటికి రాత్రి షిఫ్టు కుర్రాడు. ఒకరు వేసిన సంగతి ఇంకొకరికి తెలియదు. చేప కడుపు దాని కంటిగుడ్డంతే ఉంటుందని పెంచేవాళ్లు ఒక లెక్క చెబుతారు. నేనది చెప్పిన రోజున, ఎవరు ఎప్పుడు మేత వేశారో నమోదు చేయడానికి ఒక షీటు తయారైంది. వారం తిరిగేసరికి దానికి రంగులు, చార్టులు, ఆమోదించే అధికారి పేరు వచ్చి చేరాయి. గింజలు మాత్రం తగ్గలేదు. తినగా మిగిలినవి నీలం గోళీల సందుల్లోకి జారి, ఉబ్బి, తెల్లటి బూజు పట్టి, అక్కడే కుళ్లేవి.

కుళ్లినదీ చేప విసర్జించినదీ అమ్మోనియాగా మారతాయి. పెద్ద తొట్టెలో అయితే స్పాంజి ఫిల్టరులో కాపురం పెట్టిన బాక్టీరియా ఆ అమ్మోనియాను మొదట నైట్రైట్‌గా, తరవాత అంత హాని చెయ్యని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బాక్టీరియా నిలదొక్కుకోవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. తమరి దగ్గర దానికి నిలువ నీడ లేదు. దానికి బదులు ప్రతి శనివారం భీముణ్ణి టీ తాగే కాగితం కప్పులోకి మార్చి, తమరిని డెటాల్ వాసన వచ్చేదాకా తోమి, కుళాయి నీళ్లు క్లోరిన్‌తో సహా పట్టి, మళ్లీ అందులో వదిలేవారు. పనిచేసే ఆయమ్మను నేను తప్పు పట్టను, ఆవిడకు ఇచ్చిన కాగితంలో అలాగే రాసి ఉంది. ఒక శనివారం ఆవిడే నన్ను పిలిచి, "సారూ, పైన నురగ తేలుతోంది, నేను సబ్బు సరిగ కడగలేదేమో" అని నొచ్చుకుంది. అది సబ్బు నురగ కాదు. మగ బెట్టా గాలిని, లాలాజలాన్ని కలిపి బుడగ మీద బుడగ పేర్చి కట్టే గూడు. గుడ్లను అందులో పెట్టి కాపలా కాయడం మగచేప పని. ఆడచేప లేదు, గుడ్లు లేవు, వచ్చే ఆశ కూడా లేదు. అయినా రాత్రంతా కట్టుకున్నాడు. నేను లేచి వెళ్లేలోపే ఆవిడ గుడ్డతో తుడిచేసింది.

శుక్రవారాలు వేరే ముచ్చట. సాయంత్రం అయిదింటికి ఎవరో ఒకరు చేతి అద్దం తెచ్చి తమరి పక్కన పెట్టేవారు, భీముడు తన నీడనే శత్రువనుకుని, మొప్పల రెక్కలు విప్పి, తోక విసనకర్రలా పరిచి, ఊగిపోయేవాడు, చుట్టూ చప్పట్లు. ఒంటరివాడైపోయాడు, జోడీగా ఇంకొకణ్ణి తెద్దామని మా మేనేజరు గారు జాలిపడినప్పుడు మటుకు నేను అడ్డుపడవలసి వచ్చింది. ఇద్దరు మగవాళ్లను ఒకే బుడ్డిలో వేస్తే తెల్లారేసరికి రెక్కలు చిరిగిపోతాయని చెబితే, ఆయన కాసేపు ఆలోచించి, తన పక్క క్యాబిన్ వైపు చూసి, సరేనన్నారు.

చలి సంగతి చివర చెబుతున్నాను గాని, అసలు బాధ అదే. ఆ చేపకు ఇరవై నాలుగు నుంచి ఇరవై ఎనిమిది డిగ్రీల వెచ్చదనం కావాలి. మా అంతస్తు ఏసీ ఇరవై రెండు దగ్గర బిగించి ఉంటుంది. దాని తాళం భవన నిర్వాహకుల దగ్గర, వారి ఫోన్ ఎవరి దగ్గరో. మేమందరం కుర్చీ వెనక స్వెట్టరు ఒకటి వేలాడేసుకుని ఉద్యోగం చేస్తాం. భీముడికి కుర్చీ లేదు.

సంక్రాంతికి ముందు సాయంత్రం, శని ఆదివారాలతో కలిపి అయిదు రోజుల సెలవు కదా, వాడు పస్తుంటాడేమోనని ఒక దయామయులు డబ్బాలో మిగిలిన మేతంతా గుమ్మరించి ఊరెళ్లారు. ఆరోగ్యంగా ఉన్న బెట్టా అన్ని రోజులు తిండి లేకపోయినా తట్టుకోగలదు; ఆ దయనే తట్టుకోలేకపోయింది. కనుమ దాటి నేను వచ్చేసరికి తమరి నిండా కుడితి నీళ్లు, నీటిపైన జిడ్డు తెర. భీముడు కొబ్బరిచెట్టుకూ గోళీలకూ మధ్య ఒరిగి, రెక్కలన్నీ ఒంటికి అంటించుకుని ఉన్నాడు. ఆయమ్మ అప్పటికే చూసింది. "పొద్దుగాల నుంచి గిట్లనే పండుకున్నడు సారూ, మా పోరగానికి జ్వరమొస్తే గిట్లనే ముడుసుకుంటడు" అంది. థర్మామీటరు ముంచితే పంతొమ్మిది చూపించింది. నేను చూస్తుండగానే వాడు అడుగునుంచి లేచి, ఆ జానెడు దూరం మధ్యలో ఒకసారి ఆగి, పైకొచ్చి, జిడ్డు తెరను చీల్చుకుని ఒక గుక్క గాలి మింగి, రాయిలా మళ్లీ కిందికి జారాడు.

ఆ మధ్యాహ్నమే వాణ్ణి ఇంటికి తీసుకెళ్లాలని నిశ్చయించుకున్నాను. ఇంట్లో పాతిక లీటర్ల తొట్టె, చిన్న హీటరు, స్పాంజి ఫిల్టరు నెల రోజులుగా నడుస్తున్నాయి. సంక్రాంతి దాకా ఎందుకు ఆగానన్నది తమరు అడగదగిన ప్రశ్నే, నా దగ్గర మర్యాదైన జవాబు లేదు. నీటికి వేయడానికి ఎండిన బాదం ఆకు మా పార్కింగ్‌లోనే ఏరుకున్నాను. మా అమ్మమ్మ కాలంలో విస్తళ్లు కుట్టిన ఆకే. బెట్టా నీళ్లకు మంచిదని ఇప్పుడు పది ఆకులు ప్యాకెట్టు కట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, మా దగ్గర రోజూ చీపురుతో కుప్పలు పోసి ఊడుస్తున్నారు.

తమరిని వెంట తీసుకెళ్లడం నియమాలకు విరుద్ధమని తేలింది. తమరి అడుగున ఆస్తి నంబరు చీటీ ఉంది. గేటు దాటాలంటే తిరిగి తెస్తానని రాసిచ్చే పాసు, దానిపై ఇద్దరి సంతకాలు కావాలి. భీముడికి నంబరు లేదు. అందుకని వాణ్ణి పాలిథిన్ కవరులోకి మార్చి, కవరును చొక్కా లోపల ఒంటి వెచ్చదనానికి ఆనించుకుని దిగాను. గేటు దగ్గర గార్డు ఆపి, కవరును దీపం కిందికి ఎత్తి చూసి, ఇదేమిటన్నాడు. చేపన్నాను. ఎక్కడిదన్నాడు. లోపలిదేనన్నాను. అతను రిజిస్టరు ముందుకూ వెనక్కూ తిరగేసి, లాప్‌టాప్, మౌస్, ఛార్జర్, ఇతరములు అనే గడుల్లో చేపకు గడి లేకపోవడంతో, ఇతరముల కింద కాస్త ఆలోచించి ఇలా రాసుకుని నన్ను వదిలేశాడు: "నీళ్లు, ఒక కవరు."

ఇట్లు,
తమరి మాజీ పొరుగువాడు