చల్లని కార్ల ధర్మాసనం

హన్మకొండ నయీంనగర్‌లో నేను రోజూ సాయంత్రం చాయ్ తాగే బండి దగ్గర, ఏ కారు ‘కూల్’ అనే వ్యాజ్యం రెండేళ్లుగా విచారణలో ఉంది. పెద్ద కోర్టులకైనా ఎండాకాలం సెలవులుంటాయి. ఈ ధర్మాసనానికి అవి కూడా లేవు. న్యాయమూర్తులు నలుగురు. వకీళ్లూ వారే, సాక్షులూ వారే. వారందరి వాహన సంపద కలిపి లెక్కేస్తే రెండు స్కూటీలు, ఒక పాత పల్సర్. నాలుగో న్యాయమూర్తికి అదీ లేదు, అందుకే కాబోలు ఆయన తీర్పులు మిగతావారి తీర్పులకన్నా కఠినంగా ఉంటాయి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అనే సామెతను మన పెద్దలు వీరిని చూడకుండానే ఎలా కట్టగలిగారో నాకు అంతుపట్టదు.

నాకొక చిన్న కారుంది. తొమ్మిదేళ్లుగా అది నన్నూ, నా భార్యనూ, ఏటా నాలుగు బస్తాల బియ్యాన్నీ, ఒక అర్ధరాత్రి నొప్పులు పడుతున్న మా పక్కింటి కోడలినీ మోసింది. మొన్న దాన్ని చాయ్ బండి పక్కన ఆపగానే ధర్మాసనం తలెత్తి చూసి, “ఏమనుకోకుండ్రి సార్, గిది కారు కాదు, డబ్బా” అని ఏకగ్రీవంగా ప్రకటించింది. నేనేమీ అనుకోలేదు. ఈ వ్యాసం రాస్తున్నాను, అంతే.

ముందుగా ‘కూల్’ అంటే ఏమిటో తేలాలి. నిఘంటువు చూస్తే చల్లనిదని ఉంది. రోహిణి కార్తెలో వరంగల్ ఎండ నలభై అయిదు దగ్గర తిష్ఠ వేసినప్పుడు, మూడు గంటలు ఎండలో నిలిపిన కారు స్టీరింగును ముట్టుకున్నవాడెవడికీ ఈ మాటకు వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. ఏసీ పనిచేసేదే చల్లని కారు. ధర్మాసనం ఈ వాదనను విచారణకు తీసుకోకుండానే కొట్టివేసింది. వారి శాస్త్రం ప్రకారం కారు చల్లదనం కారులో ఉండదు. అది కొన్నవాడి బ్యాంకు ఖాతాను చల్లబరచాలి, చూసినవాడి కడుపును మండించాలి.

పోర్షే 911 పక్షం వహించే న్యాయమూర్తి, 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో 901 అనే పేరుతో బయటికి వచ్చిన ఆ కారు, నడుమ సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని ప్యూజో కంపెనీ అడ్డుపడటంతో 911గా మారిన వృత్తాంతాన్ని, నిన్న చెప్పనే లేదన్నంత తాజాగా ప్రతిరోజూ వినిపిస్తారు. ఇంజిన్ వెనక ఉండటం దాని మొదటి గొప్పదనమట. 1998 దాకా ఆ ఇంజిన్‌ను నీళ్లతో కాక గాలితో చల్లబరచడం రెండో గొప్పదనమట. ఇంజిన్ వెనకే ఉండి, గాలితోనే చల్లబడే వాహనాలు కాజీపేట స్టేషన్ ముందర మూడు చక్రాల మీద వరుసగా నిలబడి, “సుబేదారి, సుబేదారి” అని పిలుస్తుంటాయి. వాటిని కూల్ అని ఎవరైనా అనగా నేను వినలేదు.

ఫెరారీ ఎఫ్40 పక్షం వారిది భక్తి మార్గం. కంపెనీ నలభయ్యో ఏట, 1987లో వచ్చిన ఆ కారు, మరుసటి ఏడాది కన్నుమూసిన ఎంజో ఫెరారీ స్వయంగా ఒప్పుకున్న చివరి కారు. లోపల కార్పెట్ లేదు, పాటల పెట్టె లేదు, తలుపు తీయడానికి పిడి బదులు ఒక తీగ ఉంటుంది. బరువు తగ్గించడానికే ఇదంతా చేశారని చెప్పేటప్పుడు ఆయన కళ్లు చెమరుస్తాయి. నా డబ్బాకు వెనక తలుపు పిడి ఊడిపోతే సుతిలి తాడు కట్టుకున్నాను. దానికి ఎవరి కళ్లూ చెమర్చలేదు.

అంబాసిడర్ సంగతి మరీ విచిత్రం. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద తయారై, అరవై ఏళ్లకు కాస్త తక్కువగా మన రోడ్ల మీద బతికి, 2014లో ఉత్తర్‌పాడాలో ఆగిపోయిన ఆ కారు తిరిగినన్నాళ్లు ఈ న్యాయమూర్తుల తండ్రులే దాన్ని తెల్లవారుజామున నెట్టి, తిట్టి స్టార్టు చేసేవారు. ఇప్పుడది ‘వింటేజ్’ అయింది, పరమ కూల్ అయింది. చచ్చినవాడి కళ్లు చారెడు.

పందెపు కార్ల వద్దకు వచ్చేసరికి ధర్మాసనం మరింత నిష్ఠగా మారుతుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కరెంటు కార్లు పరుగెత్తినప్పుడు, చప్పుడు చేయని కారు కూల్ కానేరదని వీరు వాటిని కులం నుంచి వెలివేశారు. చప్పుడే కొలమానమైతే, ఎనుమాముల మార్కెట్‌కు పత్తి మోసే సైలెన్సర్ ఊడిన డీసీఎంకు ప్రపంచ కప్పు ఇవ్వాలి.

వీరి ఇష్టదైవం గోర్డన్ మర్రే. నిజానికి ఆయన విషయంలో నాకూ గౌరవం ఉంది, ఎందుకంటే పందెపు కార్ల చరిత్రలో నిఘంటువు అర్థంలో చల్లని కారు ఆయనే చేశాడు. 1978లో ఆయన రూపొందించిన బ్రాభమ్ బీటీ46బీ అనే కారుకు వెనకవైపు, మన ఇళ్ల కిటికీలకు బిగించే కూలర్‌లో ఉన్నట్లుగానే, ఒక పెద్ద పంకా ఉండేది. ఇది దేనికని అడిగితే ఇంజిన్ చల్లదనానికని జట్టు జవాబిచ్చింది. వాస్తవానికి ఆ పంకా కారు కింది గాలిని పీల్చేసి, కారును రోడ్డుకు బల్లిలా అతికించేది. స్వీడన్ పందెంలో నికీ లౌడా దాని మీద గెలిచాడు. మిగతా జట్లు గగ్గోలు పెట్టాక ఆ ఒక్క పందెంతోనే దాన్ని ఇంటికి తీసుకుపోయారు. చల్లదనం కోసమే అనే ఈ మాటను పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి, మళ్లీ అవసరం పడుతుంది.

అదే మర్రే 1992లో మెక్‌లారెన్ ఎఫ్1 అనే కారు తెచ్చాడు. మొత్తం చేసినవి 106. నడిపేవాడి సీటు నడుమ, కొంచెం వెనకగా అటొకటి ఇటొకటి రెండు సీట్లు. ఇంజిన్ వేడి తగలకుండా లోపల బంగారు రేకు. ఈ వర్ణన విన్నప్పుడల్లా నాలుగో న్యాయమూర్తి మొహంలో వెలుగు కనిపించేది. తాను నడుమ కూర్చోవాలి, అటొకరూ ఇటొకరూ ఉండాలి, చుట్టూ బంగారం ఉండాలి. ఆయనకు సంబంధాలు చూస్తున్నారని నాకప్పటికి తెలియదు.

గడిచిన చలికాలంలో నర్సంపేట వైపు మిరప సాగు చేసే నా చిన్ననాటి స్నేహితుడు ఫోను చేశాడు. బిడ్డ పెళ్లి కుదిరిందన్నాడు. శుభమన్నాను. కొంచెం సేపాగి, “అరే, సన్‌రూఫ్ అంటే ఏందిరా?” అని అడిగాడు. కారు పైకప్పులో కిటికీ లాంటిదని చెప్పాను. “ఇంటిమీద పొక్క వడితె మనం రేకు గప్పుకుంటం గదరా. పైసలిచ్చి పొక్క వెట్టిచ్చుకుంటరా?” అన్నాడు. ఈ విషయంలో నేను రెండేళ్లుగా విన్న వాదనలన్నిటిలోకి ఇదొక్కటే సాంకేతికంగా నిలబడేది. అబ్బాయి ఎవరని అడిగాను. నయీంనగర్ చాయ్ బండి, పల్సర్ కూడా లేని నాలుగో న్యాయమూర్తి. ఆయన ధర్మాసనాన్ని సంప్రదించి, ‘టాప్ ఎండ్, తెలుపు రంగు, సన్‌రూఫ్ తప్పనిసరి’ అని తుది తీర్పు వెలువరించారు.

పెళ్లి హంటర్ రోడ్డు మీది ఒక ఫంక్షన్ హాలులో బాగానే జరిగింది. చెప్పవలసింది బరాత్ గురించి. తెల్ల కారు ఇంకా షోరూం నుంచి రాలేదు కనుక, స్నేహితుల గౌరవం నిలబడాలని హైదరాబాద్ నుంచి ఒక ఎర్రటి, రెండు తలుపుల, నేలను నాకుతూ పోయే విదేశీ కారును కిరాయికి పిలిపించారు. మన రోడ్ల మీద నమ్మకం లేని దాని యజమాని దాన్ని లారీ మీద ఎక్కించి పంపాడు. మూడు వందల కిలోమీటర్ల వేగం అందుకోగలదని చెప్పిన ఆ కారు భీమారంలో పెళ్లికొడుకు ఇంటి గల్లీ మొదట్లో ఒక స్పీడ్ బ్రేకర్ ముందు ఆగింది. ఎప్పుడో ఒక పిల్లవాడికి దెబ్బ తగిలితే కాలనీవాళ్లు ఇల్లు కట్టగా మిగిలిన కాంక్రీటుతో పోసుకున్నది అది. స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారు రాసిపెట్టారు. కాలనీవాళ్లకు ఆ కాంగ్రెస్‌తో పరిచయం లేదు. వారు ఎత్తులో ఉదారంగానూ వెడల్పులో పొదుపుగానూ వ్యవహరించారు.

డీజే ఆగింది. ధర్మాసనం అక్కడికక్కడే రోడ్డు మీద కొలువుదీరింది. అడ్డంగా ఎక్కించాలని 911 పక్షం, వెనక్కు తీసి దూకించాలని ఎఫ్40 పక్షం, బరువు తగ్గించాలని మూడో న్యాయమూర్తి. బరువు తగ్గించడం అంటే ఎవరు దిగాలి? పెళ్లికొడుకు దిగితే అది బరాత్ కాదు. కాబట్టి పెళ్లికూతురు దిగింది. పట్టుచీర కుచ్చిళ్లు చేత్తో ఎత్తిపట్టుకుని, మోరీ పక్కన, రాత్రి పదకొండు గంటలకు నిలబడింది. షామియానా వాళ్ల దగ్గర రెండు చెక్కలు దొరికాయి. చెక్కలు వేశారు, చక్రం ఎక్కింది, చెక్క ఎగిరింది, కారు కడుపు కాంక్రీటు మీద కూర్చుంది. పెనం అడుగును గరిటెతో గీకితే వచ్చే శబ్దం వచ్చింది. నలుగురు ముందు, నలుగురు వెనక పట్టుకుని, బురదలో దిగబడ్డ బర్రెను లేపినట్లు లేపబోతే, కారు వెంట వచ్చిన మనిషి, “అక్కడ పట్టొద్దు, అది ప్లాస్టిక్” అని ఏడుపు మొహంతో మొత్తుకున్నాడు. ఒక ముసలమ్మ వచ్చి, మంచం పట్టెలు వేయమని సలహా ఇచ్చి, తమ మంచం మాత్రం ఇవ్వనని చెప్పి వెళ్లిపోయింది. వంటపాత్రలు మోస్తున్న ట్రాలీ ఒకటి వెనక నుంచి వచ్చి, హారను కొట్టి, స్పీడ్ బ్రేకర్‌ను దాటి, గంగాళాలు గణగణలాడించుకుంటూ పోయింది. తర్వాత పెళ్లికొడుకు తరఫు చుట్టాలతో నిండిన ట్రాక్టరు వచ్చి, అదే స్పీడ్ బ్రేకర్‌ను దుప్పటి మడత దాటినట్లు దాటింది. అప్పుడు 911 పక్షం న్యాయమూర్తి, లంబోర్గినీ కూడా 1963లో కార్ల కంపెనీ పెట్టకముందు ట్రాక్టర్లు చేసేవాడన్న సంగతిని, ఆ స్థితిలో కూడా, అందరికీ విన్నవించారు. విన్న ట్రాక్టరు డ్రైవరు, “మరి గదే ఉంచుకోక పాయె” అన్నాడు.

పెళ్లికూతురు నలభై నిమిషాలుగా మోరీ పక్కన నిలబడి ఉంది. నేను నా డబ్బాను తెచ్చి తలుపు తీశాను. సుతిలి తాడు లేని వైపు తలుపే. కూర్చుంది. ఏసీ వేశాను. కళ్లు మూసుకుని, “చల్లగున్నది కాకా” అంది.

ఆ ఎర్ర కారు కిరాయి ఎవరు కట్టారు? నా స్నేహితుడు. గీసుకుపోయిన దాని కడుపుకు నష్టపరిహారం ఎవరిచ్చారు? ఆయనే. “మర్యాద దక్కాలె గద బావా” అని వియ్యంకుడు నవ్వుతూ భుజం మీద చెయ్యి వేసి అడిగాడు, అంతే. టాప్ ఎండ్ తెల్ల కారుకు ఎకరం భూమి పోయింది. 2021లో నల్ల తామర పురుగు మిరప తోటలను ఊడ్చుకుపోయినప్పుడు, చుట్టుపక్కల రైతులు చెట్లు పీకి పారేస్తుంటే కూడా ఆయన అమ్మని ఎకరం అది. పురుగుకు వదలని భూమిని సన్‌రూఫ్‌కు వదిలాడు. కట్నం ఇవ్వడం, తీసుకోవడం, అడగడం నేరమని 1961లోనే చట్టం వచ్చింది కదా అంటే, ఆ ఇంట్లో అందరూ చదువుకున్నవాళ్లే, అందరికీ తెలుసు. “మేమేం అడుగుతలేం. మీ బిడ్డ ఎండల తిరుగొద్దనే గద” అన్నారు. చల్లదనం కోసమేనట! పంకా పెట్టినవాళ్లూ ఇదే అన్నారు. వాళ్లు సిగ్గుపడో భయపడో ఒక్క పందెంతో దాన్ని ఉపసంహరించుకున్నారు. మనం ఊరూరా, ముహూర్తం ముహూర్తానికీ, అదే పంకా తిప్పుతూ ఆడపిల్లల తండ్రుల కింద ఉన్న నేలను పీల్చేస్తున్నాం. జీతం ఉంది, చేతులున్నాయి, నెల నెలా కిస్తీ కట్టుకునే సత్తువ ఉంది. అయినా తన మొదటి కారు మరొకడి పొలం అమ్మించి తెచ్చుకోవడానికి ఆ మనిషికి ఏమాత్రం వెగటు పుట్టలేదు. కూలట! ఇతరుల కారును డబ్బా అనే నోటితో మామ ముందు చెయ్యి చాపినవాడు ఏ కారులో కూర్చుంటే మాత్రం ఏమిటి, అడుక్కునేవాడికి పైకప్పు తెరుచుకుంటుందా మూసుకుంటుందా అన్నది ఒక చర్చా? నలుగురిలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, “నీ పైసలతోటి కొనుక్కోరా” అని అనలేకపోయాడు. మెక్‌లారెన్ ఎఫ్1 అందుకునే 386 కిలోమీటర్ల వేగం గురించి రెండేళ్లు మాట్లాడగలిగిన నోళ్లు అవి.

తెల్ల కారు వచ్చింది. ఒకసారి మేడారం దారిలో పిల్లల తలకాయలు పైపొక్కలోంచి బయటికి పెట్టించి ఫొటోలు తీయించారు. ఆ తర్వాత మే నెల వచ్చింది. ఎండ పైనుంచి నేరుగా నెత్తిన పడుతోందని, సన్‌రూఫ్ పరదా మూసినా వేడి ఆగడం లేదని, కారును ఇంటి ముందరి వేపచెట్టు కింద నిలిపి, పై నుంచి కింది దాకా పట్టా కప్పి, తాళ్లతో కట్టి ఉంచారు. మొన్న అటుగా వెళ్తూ చూశాను. నీలిరంగు పట్టా, అంచుల్లో ఎర్రగా మిరపకాయల మరకలు, దగ్గరికి పోతే ఇంకా ఘాటు. కల్లంలో కాయలు ఆరబోసుకునేదట. అదీ మామగారే పంపారు.