బాగు చేయించాలా, వదిలించుకోవాలా?

మొన్న క్లచ్ ప్లేట్లు. నిన్న రేడియేటర్. ఇవాళ పొద్దున్నే సెల్ఫ్ కొట్టదు! నన్ను చూడగానే వాచ్‌మన్ కారు తోయడానికి చొక్కా చేతులు మడుస్తున్నాడు, అంత అలవాటైపోయింది. మెకానిక్‌ది ప్రతిసారీ అదే పాట: "ఈ ఒక్కటీ మార్చేస్తే ఇంకో ఐదేళ్లు చూసుకోనక్కర్లేదు సార్." ఎన్ని ఒక్కట్లయ్యా బాబూ?

పోనీ అమ్మేద్దామంటే, షోరూమ్ వాడు చుట్టూ ఓసారి తిరిగి, టైరును కాలితో తన్ని, ముప్పై వేలన్నాడు. నిరుడు నేను రిపేర్లకు పోసిందే అంతకన్నా ఎక్కువ! పైగా పదిహేనేళ్లు నిండాయి కదా, ఆర్సీ రెన్యువల్. ఒకప్పుడు 600 రూపాయలుండే ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయి కూర్చుంది. గ్రీన్ ట్యాక్స్ వేరే. ఇంతా కడితే ఐదేళ్లకే. అప్పటిదాకా బండి ఉంటే కదా!

కొత్తది కొందామా? ఈఎంఐ, ఇన్సూరెన్స్, లైఫ్ ట్యాక్స్... ఆన్‌రోడ్ ధర వింటే నాకే సెల్ఫ్ కొట్టడం లేదు. అమ్మేమో "లక్ష్మీదేవిలా వచ్చిన బండిరా, తుక్కుకేస్తావా?" అని ఒకటే గొడవ. ఆవిడ ఎక్కేది ఏడాదికోసారి, తిరుపతికి!

ఇదిగో, ఫోన్. మెకానిక్కే. సెల్ఫ్ మోటారొక్కటే కాదట, ఇంకేదో కూడా పోయిందట.