వంటింటి ఆవకాయకూ అమ్మకపు ఆవకాయకూ మధ్య ఒక ఏడాది

ఏప్రిల్ నెలాఖరుకు మార్కెట్లోకి పచ్చడి కాయ దిగుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, తెలుగులో వంటల గురించి ఏళ్ల తరబడి రాస్తున్నవారికి పాఠకుల నుంచి ఒక విన్నపం వస్తుంది: ‘కొలతలన్నీ మీరు చెప్పినట్టే వేశాం, అయినా మీ చేతి రుచి రావడం లేదు. మీరే కలిపి పంపకూడదా?’ ఇలాంటి మాటలు పది వచ్చేసరికి రాసేవారికి ధైర్యం కలుగుతుంది. వారం తిరగకముందే ధర ప్రకటించి, ఆర్డర్లు తీసుకుని, డబ్బు కట్టించుకుని, ఆ తర్వాత కాయల కోసం మార్కెట్‌కు వెళుతున్నవారు ఏటా కనిపిస్తున్నారు. ఈ క్రమం తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. ‘మీరే పంపండి’ అన్న మొదటి మాటకూ, తీసుకునే మొదటి పెద్ద ఆర్డరుకూ మధ్య కనీసం ఒక ఏడాది ఉండాలి. సొంతంగా సరుకు తయారుచేసి తన పాఠకులకే అమ్మాలనుకునేవారు ఆ ఏడాదంతా పరీక్షలకే కేటాయించాలి.

ఇంట్లో ఆవకాయ కలిపిన చోటే ఉంటుంది. ఉప్పు తగ్గితే మూడో రోజు తిరగకలిపేటప్పుడు వేస్తాం, నూనె చాలకపోతే ఇంకాస్త పోస్తాం, పైన బూజు తెల్లగా కనిపిస్తే ముందే పసిగట్టి ఆ జాడీ సంగతి చూస్తాం. అంటే ఆ పచ్చడిని కాపాడేది కొలతలు మాత్రమే కాదు, ఏడాది పొడుగునా దాని మీద ఉండే ఇల్లాలి కన్ను కూడా. సీసాలో పెట్టి పంపినప్పుడు ఆ కన్ను వెంట వెళ్లదు. తడి గరిటె పెట్టేవారు, మూత సరిగా బిగించనివారు, కిటికీ పక్క ఎండలో ఉంచేవారు అందరూ దాన్ని వాడతారు. వంటకం సరుకుగా మారాలంటే, మనం పక్కన లేనప్పుడు కూడా అది నిలబడగలగాలి.

మొట్టమొదట మారవలసింది కొలత. మన ఇళ్లలో ఉప్పు, కారం, ఆవపిండి సమపాళ్లు అంటే సోలతోనో గిద్దెతోనో కొలిచిన పాళ్లు. అదే సోల నిండా గల్లుప్పు పోసి తూచి, తర్వాత మెత్తటి ఉప్పు పోసి తూచి చూస్తే రెండు బరువులూ ఒకటి కావు. అప్పుడే ఆడించిన ఆవపిండికీ, నెలరోజులు డబ్బాలో అణిగిన పిండికీ మధ్య కూడా అదే తేడా ఉంటుంది. రెండు కిలోల కాయకు ఈ తేడా తెలియదు గానీ, నలభై కిలోలకు వెళ్లేసరికి ఒక జాడీ ఉప్పు కషాయంగానూ, మరొకటి ఉప్పు చాలక ముక్క మెత్తబడిపోయేలాగానూ తయారవుతుంది. కాబట్టి కాయలను కొట్టించి, జీడి తీసి, ముక్కలను పొడి గుడ్డతో తుడిచిన తర్వాత తూచి, ఆ ముక్కల బరువుకే మిగతావన్నీ గ్రాముల్లో రాసుకోవాలి. ఒక నోటు పుస్తకమూ, ఒక గ్రాముల త్రాసూ లేకుండా ఈ వ్యాపారం మొదలుపెట్టకూడదు.

కారం విషయంలో మరింత జాగ్రత్త కావాలి. 2005లో బ్రిటన్‌లో సుడాన్-1 అనే నిషిద్ధ రంగు కలిసిన కారం ఒక సాస్‌లోకి, ఆ సాస్ ద్వారా వందలాది తయారీ ఆహారాల్లోకి చేరడంతో వాటన్నిటినీ దుకాణాల నుంచి వెనక్కి తెప్పించవలసి వచ్చింది. ఆ వస్తువుల తయారీదారుల్లో చాలామందికి ఆ రంగు సంగతే తెలియదు. విడి కారం కొని పచ్చడి కలిపే మనిషిదీ అదే పరిస్థితి. గుంటూరు మిరపకాయలు చూసి కొని, తొడిమలు తీసి, ఎండబెట్టి, దగ్గరుండి మరపట్టించుకోవడానికి ఖర్చు ఎక్కువే అవుతుంది. కానీ కారం ఎక్కడి నుంచి వచ్చిందని పాఠకులు అడిగినప్పుడు చెప్పగల సమాధానం అప్పుడే ఉంటుంది.

రుచి పరీక్ష చుట్టాలతో చేయించకూడదు. ఆడపడుచు, తోడికోడలు, పక్కింటి పిన్నిగారు బాగుందనే అంటారు, అనకపోతే మర్యాద కాదు. ఆహార పరిశోధనశాలల్లో వాడే త్రిభుజ పరీక్షను వంటింట్లోనూ చేయవచ్చు. మూడు గిన్నెల మీద ఏవో మూడంకెల సంఖ్యలు రాసి, రెండింటిలో పోయినసారి కలిపిన పచ్చడి, మూడోదాంట్లో ఈసారి కలిపినది పెట్టి, వేరుగా ఉన్న గిన్నె ఏదో చెప్పమని అడగాలి. గుడ్డిగా చెప్పినా ముగ్గురిలో ఒకరి ఊహ నిజమవుతుంది. కాబట్టి పన్నెండు మందిలో నలుగురు సరిగ్గా చెప్పినంత మాత్రాన కంగారు పడనక్కరలేదు, ఎనిమిది మంది చెప్పారంటే మాత్రం మన రెండు పచ్చళ్లూ నిజంగానే వేరు. పచ్చడి నాలుకను మొద్దుబారుస్తుంది గనుక వేడన్నం ముద్దతో పెట్టి, మధ్యమధ్య పెరుగన్నం ఇవ్వాలి. బాగుందా అన్న ప్రశ్న కంటే, మళ్లీ అదే వచ్చిందా అన్న ప్రశ్న అమ్మేవారికి ముఖ్యం. రెండోసారి కొన్న మనిషి మొదటిసారి తిన్న రుచి కోసమే డబ్బు కడతాడు.

రుచి తప్పితే మాట పోతుంది, భద్రత తప్పితే మనిషికి ప్రాణాపాయం. బాటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషబాధను కలిగించే సూక్ష్మజీవి గాలి తగలని చోట, పులుపు చాలని చోట పెరుగుతుంది. ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ విలువ (పులుపు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) 4.6 కంటే ఎక్కువగా ఉన్న పదార్థాన్ని నూనెలో ముంచి గది వేడిలో ఉంచడం ప్రమాదకరమని ఆహార శాస్త్రం చెబుతుంది. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో నూనెలో నిల్వచేసిన వెల్లుల్లి తరుగు తిని 36 మంది బాటులిజం బారిన పడ్డారు. మన పుల్లటి మామిడికాయ సహజంగానే ఆ హద్దుకు చాలా కింద ఉంటుంది, పైగా ఉప్పు దండిగా పడుతుంది గనుక తరతరాలుగా ఆవకాయ నిలిచింది. ఆ ధీమాను చికెన్ పచ్చడికీ, రొయ్యల పచ్చడికీ, నిమ్మరసం పేరుకు పిండిన కూరగాయల పచ్చళ్లకూ వర్తింపజేయడం తప్పు. ఇప్పుడు గిరాకీ వీటికే ఎక్కువని తెలిసినా, మొదటి సరుకుగా వీటిని ఎవరూ ఎంచుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. పీహెచ్ కాగితాలు పచ్చళ్లకు పనికిరావు, కారం రంగు వాటికి పట్టేస్తుంది. చిన్న మీటరు కొని, 4, 7 విలువల ద్రావణాలతో దాన్ని సరిచూసుకుని, కలిపిన ప్రతిసారీ కొలిచి, నోటు పుస్తకంలో తేదీతో సహా ఎక్కించాలి.

ఆ తర్వాతి సమస్య సీసా. నాలుగు రకాల మూతలు తెచ్చి నేను చేసి చూసిన పరీక్ష చాలా చిన్నది. నిండిన సీసాలను దినపత్రిక మీద రాత్రంతా తలకిందులుగా నిలబెట్టాను. తెల్లవారి చూస్తే మూడు సీసాల కింద ఎర్రటి నూనె వలయాలున్నాయి, వాటిలో ఒకటి పత్రిక ఆరు పుటలు దాటి గచ్చు దాకా దిగింది. మరకలేని నాలుగోదానికి మూత కింద వేడితో అతికించే రేకు ముద్ర ఉంది. ఆ నాలుగోదాన్నే అట్టపెట్టెలో సర్ది, మే నెల మధ్యాహ్నం అద్దాలు మూసిన కారులో మూడు గంటలు ఉంచితే, నూనె వేడికి పొంగి రేకు అంచున తడి చేసింది. అంచు దాకా నింపడం నా పొరపాటు. రెండు వేళ్ల ఖాళీ వదిలి నింపిన సీసా అదే కారులో మర్నాడు చెక్కుచెదరలేదు. పచ్చడి ఊరకముందే సీసాకెత్తినా ఇబ్బందే, తొలి వారాల్లో లోపల గాలి పుట్టి మూత ఉబ్బుతుంది. ఆర్డర్ల తొందరలో జరిగే పొరపాట్లలో ఇది తరచుగా కనిపిస్తుంది.

చట్టం గురించి కొన్ని మాటలు అవసరం. 2006 నాటి ఆహార భద్రత చట్టం ఇంట్లో చేసి అమ్మేవారికీ వర్తిస్తుంది, ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సంఖ్య చీటీ మీద ఉండాలి. పచ్చడి ఎంతకాలం నిలుస్తుందో నిర్ణయించి గడువు తేదీ వేయవలసింది తయారుచేసినవారే. ఆరు నెలలు కూడా నిలిపి చూడని పచ్చడికి పన్నెండు నెలల గడువు రాయడం, పద్ధతి తెలియక చేసినా, అబద్ధమే అవుతుంది. రెండో విషయం తెలుగువారికి ప్రత్యేకం. 2014 తర్వాత విజయవాడ నుంచి హైదరాబాద్‌కు పంపే సీసా రాష్ట్రం దాటుతున్న సరుకు. రాష్ట్రం దాటించి పచ్చళ్లు అమ్మేవారు, అమ్మకం ఎంత చిన్నదైనా, రిజిస్ట్రేషన్ తీసుకోవాలని జీఎస్టీ చట్టంలోని 24వ సెక్షన్ చెబుతోంది. మన పాఠకులు రెండు రాష్ట్రాల్లోనూ ఉంటారు గనుక మొదటి రోజునే ఈ ప్రశ్న ఎదురవుతుంది.

విదేశాల్లోని పాఠకులు అడిగినప్పుడు మరింత నిదానం కావాలి. అమ్మ ఇంట్లో చేసి కూతురికి కానుకగా అమెరికాకు పంపే పచ్చడికీ, డబ్బు తీసుకుని పంపే పచ్చడికీ అక్కడి ఆహార నిబంధనలు ఒకటి కావు. మొదటిదానికి అక్కడి ఆహార, ఔషధ సంస్థకు ముందస్తు సమాచారం ఇవ్వడం నుంచి మినహాయింపు ఉంది, రెండోదానికి లేదు. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును కూడా అమెరికా 2025 ఆగస్టు 29న ఎత్తేసింది. ఇక అలర్జీల సంగతి మన వంటింట్లో ఎవరికీ తట్టదు. 2023 జనవరి 1 నుంచి అమెరికాలో నువ్వులు ప్రధాన అలర్జీ పదార్థాల జాబితాలో చేరాయి. బ్రిటన్, ఐరోపా సమాఖ్య జాబితాల్లో ఆవాలున్నాయి. అంటే నువ్వుల నూనె, ఆవపిండితో కలిపే మన ఆవకాయలో రెండు ప్రధాన దినుసులను ఆయా దేశాల జాబితాను బట్టి ప్రత్యేకంగా ప్రకటించాలి. పోపులో వేసే ఇంగువ పొడిలో చాలాసార్లు గోధుమపిండి కలిసి ఉంటుంది, గోధుమ పడనివారికి ఆ మాట చెప్పకపోవడం ద్రోహం.

ధర దగ్గర చాలామంది తమ శ్రమను లెక్కలో వేసుకోరు. కాయ, నూనె, కారం కూడి, పైన కొంత వేసి ధర చెబుతారు. కొట్టినప్పుడు పోయిన జీడి, పగిలిన సీసా, రుచి చూపించడానికి ఇచ్చిన గిన్నెలు, పది గంటలు నిలబడిన కాళ్లు ఇవన్నీ ఎవరో ఒకరు భరించవలసిన ఖర్చులే. కొరియర్‌వారు బరువుతోపాటు పెట్టె పరిమాణాన్నీ చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చించి 5000తో భాగించడం మామూలు లెక్క. సీసా పగలకుండా చుట్టూ మెత్తలు పెట్టి 25, 20, 15 సెంటీమీటర్ల పెట్టెలో సర్దితే, లోపల ఉన్నది అరకిలో పచ్చడే అయినా ఛార్జీ కిలోన్నరకు పడుతుంది. ఈ లెక్క వేయకముందే చెప్పిన ధరను తర్వాత పెంచడం కష్టం.

పాఠకులు కొంటారో లేదో తెలుసుకోవడానికి వారి అభిప్రాయం అడగడం కంటే, చిన్న మొత్తంలో నిజమైన ధరకు అమ్మి చూడటమే సరైన పరీక్ష. ‘తప్పకుండా తీసుకుంటాం’ అన్న వంద మందిలో డబ్బు కట్టేది ఎందరో అప్పుడే తెలుస్తుంది. ఇరవై సీసాలు మాత్రమే అమ్మి, ఇది ప్రయోగమని ముందే చెప్పి, నెల తర్వాత ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి సీసాలో ఎంత మిగిలిందని అడగాలి. బాగుందన్న ఇంట్లో సీసా నిండుగానే ఉంటే ఆ పొగడ్త మర్యాద కోసం అన్నది. కొలతలన్నీ రాసి పెట్టేశాక ఎవరు కొంటారని భయపడేవారున్నారు గానీ, ఆ భయానికి ఆధారం లేదు. కాయ కొట్టించే తీరిక, ఆరబెట్టే డాబా, జాడీ పెట్టే చోటు లేనివారే కొంటారు. కొలతలు దాచిన మనిషి కంటే విప్పి చెప్పిన మనిషి చేతి సరుకు మీదే వారికి నమ్మకం ఎక్కువ. ఆ నమ్మకం ఏళ్ల తరబడి రాసిన రాతల వల్ల వచ్చింది కాబట్టి, ఒక జాడీ పాడైతే ఆ మాట కూడా అక్కడే, అంతే వివరంగా రాయాలి.

అందుకే ఈ వేసవిలో పెద్ద ఆర్డర్లు తీసుకోకుండా పది కిలోల కాయతో మొదలుపెట్టండి. ప్రయోగపు అమ్మకానికి ఇరవై సీసాలు పోగా, అదే జాడీ లోంచి ఆరు సీసాలు నింపి, తేదీ, పీహెచ్ రాసిన చీటీలు అతికించి, మూడింటిని చీకటి అలమరాలో, మూడింటిని వంటింటి కిటికీ దగ్గర ఉంచండి. ఆషాఢంలో ఒక జత, దసరాకు ఒక జత, సంక్రాంతికి ఒక జత తెరిచి చూడండి. కిటికీ దగ్గరి సీసాలో కారం రంగు ఎంత మాసిందో, నూనె వాసన మారిందో లేదో, ముక్క పంటి కింద ఎలా ఉందో ప్రతిసారీ అదే నోటు పుస్తకంలో రాయండి. పండుగనాడు తీసిన చివరి సీసాలో ముక్క ఇంకా కరకరలాడుతుంటే, కాయల వ్యాపారికి ఫోన్ చేసి, వచ్చే ఏప్రిల్‌కు నలభై కిలోలు కావాలని చెప్పండి.