పులి మనసు ఎక్కడ మారింది?

ఆవు–పులి కథ చెప్పి ‘ఆవు ఎలాంటిది?’ అని అడిగితే నాలుగో తరగతి పిల్లలంతా ఒక్క గొంతుతో ‘మంచిది టీచర్’ అంటారు. పులి? ‘చెడ్డది.’ కింద నీతి: ఆడిన మాట తప్పరాదు. పాఠం అయిపోతుంది.

ఏళ్లపాటు నేనూ అలాగే చెప్పాను. ఒకరోజు వెనక వరసలోని పిల్ల ఒకతె ‘పులి చెడ్డదైతే ఆవును ఇంటికెందుకు పోనిచ్చింది?’ అంది. నాకు జవాబు తోచలేదు. కథ మళ్లీ మొదటినుంచి చదివాం. పులి అన్న ప్రతి మాట కింద పెన్సిలుతో గీత గీయమన్నాను. దూడ సంగతి వినగానే మెత్తబడిందా, ఆవు తిరిగొచ్చి ఎదురుగా నిలబడ్డాకా? తరగతి రెండు జట్లయింది. ‘పోనిచ్చినప్పుడే సగం మారింది’ అన్నాడో అబ్బాయి. ఎలా తెలిసిందంటే వాక్యం మీద వేలు పెట్టి చూపించాడు.

పాత్రను చదవడమంటే అదే. ఏమంది, ఏం చేసింది, ఎక్కడ తటపటాయించింది అని ముందు వెతకాలి. గుణానికి పేరు పెట్టడం ఆ తర్వాత. ‘మంచి’, ‘చెడ్డ’ అనే మాటలు వాడొద్దంటే ‘మాట మీద నిలబడేది’, ‘దూడ మీద బెంగపెట్టుకున్నది’ అని పిల్లలే అంటారు.

పదిహేనో శతాబ్దంలో అనంతామాత్యుడు ‘భోజరాజీయం’లో చెప్పిన కథలో పులి ఆవును వదిలేస్తుంది. కన్నడ పిల్లలు పాడుకునే పుణ్యకోటి పాటలోనేమో పశ్చాత్తాపంతో దూకి ప్రాణం వదులుతుంది. రెండూ వినిపించి, జాలిపడ్డ పులి ఏది, సిగ్గుపడ్డ పులి ఏది అని అడిగి చూడండి. ఆ రెంటికీ తేడా తొమ్మిదేళ్ల పిల్లలకు బాగా తెలుసు.

మూడో తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం. ధారాళంగా చదవడం అవసరమే. కానీ నిమిషానికి ఎన్ని పదాలు చదివారన్న లెక్క దగ్గరే ఆగిపోతే ‘అర్థం’ అన్న మాట కాగితం మీదే ఉండిపోతుంది. అలా పెరిగిన పిల్లలే పదో తరగతి రామాయణం ఉపవాచకంలో పాత్ర స్వభావం రాయమంటే గైడు తెరిచి నాలుగు విశేషణాలు బట్టీ పడతారు. బేతాళుడు కథ చివర నీతి చెప్పడు, తీర్పు అడుగుతాడు. ఆ పద్ధతి మన కథల్లోనే ఉంది.

సిలబస్ పూర్తికాదన్న భయం నాకూ ఉంది. అందుకే నెలకొక్క కథనే ఇలా చదివిస్తాను.

ఆ రోజు గంట కొట్టాక అదే పిల్ల బల్ల దగ్గరికొచ్చి, ‘మరి ఆ రాత్రి పులి ఏం తినింది టీచర్?’ అని అడిగింది. కథలో దానికి వాక్యం లేదు. ఊహించి రాసుకు రమ్మన్నాను.