బకాయి అంకె ముందా, ఇంటివాళ్ల మాట ముందా?

(చెన్నై. నగరం మురికివాడల నుంచి తరలించినవాళ్లకి పెరుంబాక్కంలో ప్రభుత్వ బోర్డు కట్టిన ఇళ్ల నిర్వహణ మీద పరిశోధన మొదలుపెట్టబోతున్న కిరణ్, సర్వేల్లో పండిన సరళ. ఏ తాత్విక దృక్పథం పట్టుకోవాలన్నదే తగువు. నా మొగ్గు కిరణ్ వైపే. కానీ సరళ ప్రశ్నలు దాటకుండా ముందుకు వెళ్లకూడదనీ నమ్ముతాను.)

సరళ: కొలవగలిగిందే నిలుస్తుంది తమ్ముడూ. 1970లో పుట్టిన తమిళనాడు మురికివాడల నిర్మూలన బోర్డు 2021లో నగర ఆవాస అభివృద్ధి బోర్డు అయింది. పేరుతోపాటు పనీ మారిందా? లిఫ్టు ఎన్ని గంటలు ఆగింది, మెయింటెనెన్స్ ఎందరు కట్టారు, ఇవే తేల్చాలి. ఫ్రెంచి తత్వవేత్త కోంత్ నాటి నుంచి ప్రత్యక్షవాదం పట్టు ఇదే: ఇంకొకరు సరిచూడగలిగిందే జ్ఞానం.

కిరణ్: ఆ 'కట్టలేదు' అన్న గడినే చూద్దామక్కా. ఏడో అంతస్తులో ఒకామె లిఫ్టు ఆగిందన్న కోపంతో కట్టలేదనుకో. పక్కింటాయనకి కూలి దొరకలేదు. ఎదురింటివాళ్లు, 'కూవం నది గట్టున మా ఇల్లు కూల్చి ఇక్కడ పడేశారు, మళ్లీ డబ్బులేంటి' అంటారు. నీ రిజిస్టర్లో ముగ్గురిదీ ఒకటే బకాయి. చేసేవాళ్ల మనసులో ఆ పనికున్న అర్థం పట్టుకోకుండా సమాజాన్ని వివరించలేమని సమాజశాస్త్రవేత్త వెబర్ అన్నది ఇందుకే.

సరళ: పొద్దున పదకొండింటికి వెళ్తే ఇంట్లో ఉన్నవాళ్ల అర్థాలే దొరుకుతాయి. తెల్లారకముందే బస్సెక్కి పాచిపనికి పోయే ఆడవాళ్ల సంగతేంటి? అక్కణ్ణుంచి సెంట్రల్ స్టేషన్ 20 కిలోమీటర్ల పైనే. శాంపిల్ తీస్తే ఎవరు జారిపోయారో తెలుస్తుంది.

కిరణ్: అది నిజం. కానీ ఫారం పట్టుకొచ్చింది బోర్డు మనిషేమో అని భయపడితే, ఎవరైనా 'అంతా బాగుంది' దగ్గరే టిక్కు పెట్టిస్తారు. ఆ భయం నీ టేబుల్లో ఏ గడిలో పడుతుంది?

సరళ: పడదు. ఒప్పుకుంటాను. అయినా మాటల దగ్గరే ఆగితే ఇంజనీరు చెప్పేదీ ఒక కథే, ఆమె చెప్పేదీ ఒక కథే. లిఫ్టు ఆగడం ఎవరి అభిప్రాయమూ కాదుగా!

కిరణ్: కాదు. అందుకే తత్వవేత్త రాయ్ భాస్కర్ 1970లలో మొదలుపెట్టిన విమర్శనాత్మక వాస్తవికవాదం పట్టుకుంటున్నా. లిఫ్టు ఆగడం ఘటన. ఆమె కోపం అనుభవం. ఈ రెంటినీ పుట్టించేది లోపలుంటుంది: కాంట్రాక్టు ఎలా రాశారు, మరమ్మతు డబ్బు ఎవరి చేతిలో ఉంది, ఇళ్లు కట్టినప్పుడు వాటిని నడిపే ఖర్చు లెక్కలోకి తీసుకున్నారా.

సరళ: లోపలున్నది కంటికి కనబడదు. మరి నీ ఊహ తప్పని ఎలా తెలుస్తుంది?

కిరణ్: ఒకే కాంట్రాక్టు కింద ఉన్న రెండు బ్లాకులు తీసుకుంటా. ఒకచోట రెండు రోజుల్లో బాగై, ఇంకోచోట నెల పట్టిందంటే, తప్పంతా కాంట్రాక్టుదే అన్న నా ఊహ చెల్లదు. వేరే కారణం వెతకాలి.

సరళ: అంటే రోజులు లెక్కపెట్టక తప్పదు.

కిరణ్: తప్పదు. ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలో మాత్రం ఏడో అంతస్తు ఆమెనే అడగాలి.

సరళ: అడుగు. ఫిర్యాదుల రిజిస్టరు కూడా అడుగు, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టు. ఈలోగా శాంపిల్ నేను వేస్తా, రాత్రులూ ఆదివారాలూ కలిపి.