మా అపార్ట్‌మెంట్ కార్బన్ ఖాతా

భూమి వేడెక్కుతోందని ప్రపంచ దేశాలు ఏటా ఏదో ఒక ఊళ్లో కూర్చుని మాట్లాడుకుంటాయి. మేం ప్రతి నెలా రెండో ఆదివారం మా అపార్ట్‌మెంట్ సెల్లార్లోనే కూర్చుంటాం. విమానం ఎక్కే పని లేదు కాబట్టి ఆ మేరకు భూగోళానికి ముందే మేలు చేసినట్టు. హైదరాబాదులో అరవై ఫ్లాట్ల మా బిల్డింగుకు పర్యావరణ కమిటీ ఏర్పడి ఏడాదైంది. జాయింట్ సెక్రటరీగా ఆ ఏడాది ప్రగతిని లోకానికి నివేదించడం నా విధి. ఇది సొంత డబ్బా అనుకునేవారికి ముందే మనవి: మాకు డబ్బాలు మూడున్నాయి. వాటి సంగతికి తర్వాత వస్తాను.

2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సామాన్లు కొన్నిటిని దేశమంతటా నిషేధించారు కదా. స్ట్రాలు, చెంచాలతో పాటు 100 మైక్రాన్ల కన్నా పలుచని పీవీసీ బ్యానర్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అందుకే ‘ప్లాస్టిక్‌ను తరిమికొడదాం’ అన్న మా బ్యానరును బాగా దళసరి ఫ్లెక్సీ మీద కొట్టించాం. చట్టమంటే మాకంత గౌరవం. అందులో భూగోళం బొమ్మ చిన్నదీ, ప్రెసిడెంటు గారి ఫొటో పెద్దదీ అయిందని 304 వాళ్లు నొచ్చుకున్నారు. కాపాడేవాడు చిన్నగా ఉంటే భూగోళానికి మాత్రం ధైర్యం ఎలా వస్తుంది?

తర్వాత గుడ్డ సంచుల ఉద్యమం. ఇది ఎంత జయప్రదమైందంటే, ఇప్పుడు ఎవరి గృహప్రవేశానికి వెళ్లినా రిటర్న్ గిఫ్టుగా సంచే ఇస్తున్నారు. మా ఇంట్లోనే పద్నాలుగు పోగయ్యాయి. డెన్మార్క్ పర్యావరణ శాఖ వాళ్లు 2018లో ఒక లెక్క తేల్చారు. పత్తి పండించి సంచి కుట్టే సరికి అయ్యే కాలుష్యం ప్లాస్టిక్ కవరుతో సరితూగాలంటే, ఒక్క వాతావరణం లెక్క చూసుకున్నా, ఆ సంచిని కనీసం 52 సార్లు వాడాలట. మిగతా నష్టాలన్నీ కలిపితే 7,100 సార్లట! ఆ రెండో అంకె మా ఆవిడకు చెప్పలేదు, టెన్షన్ పడుతుందని. మొదటిదే తీసుకున్నా, వారానికోసారి రైతుబజారుకు ఒక్కో సంచి పట్టుకెళ్తే, పద్నాలుగు సంచుల బాకీ తీరడానికి సరిగ్గా పద్నాలుగేళ్లు. రాముడి అరణ్యవాసమంత. పైగా ఈ మధ్య నేను రైతుబజారుకు వెళ్లడం లేదు. కూరలు పది నిమిషాల్లో ఇంటికే వస్తున్నాయి, కవర్లో.

ఇక డబ్బాలు. 2016 నాటి చెత్త నిబంధనలు తడిది, పొడిది, ప్రమాదకరమైనది విడివిడిగా ఇవ్వాలన్నాయి. తడి చెత్త యార్డులో గుట్టపడితే అడుగున గాలి తగలక కుళ్లి మీథేన్ పుడుతుందనీ, వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కన్నా పాతిక రెట్ల పైన వేడి పుట్టిస్తుందనీ మొదటి మీటింగులోనే తెలిసింది. మన దొండకాయ తొక్కలు జవహర్‌నగర్ చెత్త యార్డు దాకా వెళ్లి ఇంత పని చేస్తున్నాయా అని ఒకరిద్దరు గర్వపడ్డారు కూడా. వెంటనే టెర్రస్ మీద కంపోస్టు డ్రమ్ము పెట్టించాం. ఎండుటాకులు కలపాలి, నీళ్లు ఎక్కువ కాకూడదు అని చెప్పారు. మావాళ్లు శనివారం రాత్రి మిగిలిన బిర్యానీని రైతాతో సహా పోశారు. మూడో వారానికల్లా పురుగులు మెట్లు దిగి అయిదో అంతస్తు పలకరించాయి. ప్రస్తుతం డ్రమ్ము శుభ్రంగా కడిగి మీద మనీప్లాంటు పెట్టాం. చూడటానికి బాగుంది.

ఇంత చేసినా వార్షిక నివేదికలో రాయడానికి ఏమీ తేలకపోవడంతో కమిటీ దిగులుపడింది. అప్పుడు మమ్మల్ని ఆదుకున్నది వాచ్‌మన్ భార్య.

పాలమూరు నుంచి వచ్చిన కుటుంబం. సెల్లార్ వెనక రేకుల గదిలో ఉంటారు. పాల ప్యాకెట్లు మేం ఏ డబ్బాలో పడేసినా ఆమె ఏరుతుంది. ఒక్కోటి నిలువుగా కోసి, కడిగి, తడితడిగానే గోడకేసి చరుస్తుంది. అది అలా అతుక్కుని ఉండి, ఆరాక దానంతటదే రాలిపోతుంది. రాలినవన్నీ దొంతర పెట్టి పాత సామాన్లవాడికి అమ్ముతుంది. కూరల తొక్కలు కరివేపాకు చెట్టు మొదట్లో పాతేస్తుంది (ఆ కరివేపాకు కోసుకునేది మేమే). మా ఫ్లెక్సీ కూడా ఇప్పుడు వాళ్ల రేకుల మీదే ఉంది. వాన పడితే ప్రెసిడెంటు గారి ముఖం మీంచి నీళ్లు చక్కగా జారిపోతాయి. నివేదికలో ఇవన్నీ రాశాం. ‘పునర్వినియోగం: నూరు శాతం.’

అసలు తెలివైన ఆలోచన 501 గారిది. రిటైరవక ముందు ఆయన ఆఫీసులో ‘ఆఫ్‌సెట్’ అని ఒక పద్ధతి ఉండేదట. మనం వదిలే పొగను ఎక్కడో ఎవరో వదలకుండా ఆపితే, ఆ పుణ్యం మన ఖాతాలో రాసుకోవచ్చు. ఒక్క యూనిట్ కరెంటుకు మన దేశంలో దాదాపు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ప్రెసిడెంటు గారింట్లో మూడు ఏసీలు. వాచ్‌మన్ గదిలో ఒక ఫ్యాను, ఒక బల్బు. ఫ్రిజ్ లేదు, ఏసీ లేదు, విమానం శబ్దం వినడమే తప్ప ఎక్కింది లేదు. నలుగురు మనుషులు ఇంత నిష్ఠగా పొదుపు చేస్తూ మన ప్రాంగణంలోనే ఉండగా చెట్లు నాటడం ఎందుకు? వాళ్లు వాడనిదంతా మా ఖాతాలో జమ చేశాం. స్వీట్లు పంచుకున్నాం.

అంతా బాగుందనుకుంటుండగా, మొన్న మే రెండో వారంలో ఆమె మీటింగు దగ్గరికి వచ్చి నిలబడింది.

“సార్, 402 మేడం కూలర్ తీసేస్తున్నరంట. మేం పెట్టుకుంటం సార్. రేకుల కింద పిల్లలు ఉడికిపోతున్నరు.”

సెల్లార్లో కాసేపు నిశ్శబ్దం. 501 గారు కళ్లజోడు తుడుచుకున్నారు. ఏసీతో పోలిస్తే కూలర్ తాగే కరెంటు చాలా తక్కువే, నిజమే. కానీ ఖాతా ఉన్నదే వాళ్లు వాడకపోవడం మీద. “ఇవాళ కూలర్ అంటారు, రేపు ఫ్రిజ్ అంటారు. అప్పుడు మన ఏసీల గతేమిటి?” అన్నారు ప్రెసిడెంటు గారు, నిజమైన బాధతో. గంటన్నర చర్చించాం. విషయాన్ని సబ్‌కమిటీకి అప్పగించాం. వర్షాలు పడ్డాక నివేదిక ఇస్తుంది.

కూలర్ నీలం డబ్బాలో పట్టలేదు. పక్కనే గోడకు ఆనించి, ‘పొడి చెత్త’ అని కాగితం అంటించాం. నిన్న చూస్తే దాని రేకు మీద రెండు పాల ప్యాకెట్లు ఆరుతున్నాయి.