ముల్లు ఎందుకు ఎగిరింది?

మా రొయ్యల గుంటలో ఏరేటర్ మోటారు కాలిపోతే రీవైండింగుకని నెల్లూరు మైపాడు రోడ్డులో ఒక షాపుకు తీసుకుపోయాను. ముప్పై ఏళ్లుగా కాయిళ్లు చుడుతున్న మామ, ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పే ఆయన మేనల్లుడు అప్పటికే వాదులాటలో ఉన్నారు. మర్నాటి పాఠానికి అల్లుడు రాసుకున్న ఒక్క వాక్యం మీద పేచీ: "అయస్కాంతత్వం అంటూ విడిగా ఏమీ లేదు, కదులుతూ కనిపించే విద్యుత్తే అది." నా మోటారు సంగతి మరిచిపోయి అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను.

మామ: లేకపోవడమేంది అబ్బయా? ఇదిగో, పాత స్పీకర్లోది మాగ్నెట్. స్క్రూడ్రైవరు అంటించి లాగి చూడు, తెలుస్తాది. రోజంతా చేత్తో పట్టుకునేదాన్ని లేదంటే ఎట్టా?

అల్లుడు: లేదనడంలేదు మామా, విడిగా లేదంటున్నా. ఆ కాయిల్‌కు ముల్లు మీటరు తగిలించు.

(స్టేటర్లోకి, అంటే మోటారులో తిరగని భాగంలోకి, దిగాల్సిన కొత్త కాయిల్ బల్ల మీదుంది. మామ దాని రెండు కొనల మీది ఎనామిల్‌ను బ్లేడుతో గీకి మీటరు పిన్నులు పెట్టాడు. అల్లుడు మాగ్నెట్‌ను చప్పున దగ్గరికి తెచ్చాడు, ముల్లు ఎగిరి పడింది. తర్వాత మాగ్నెట్‌ను బల్ల మీద పెట్టి కాయిల్‌నే అంతే వడిగా తెచ్చాడు. మళ్లీ అంతే ఎగిరింది.)

మామ: ఇందులో కొత్తేముండాది? సైకిల్ డైనమోలో మాగ్నెట్ తిరుగుతాది, కాయిల్ కదల్దు. పాత కార్ల డైనమోలో ఫీల్డు కదల్దు, కాయిల్ తిరుగుతాది. లైటు రెండిట్లోనూ వెలుగుతాది.

అల్లుడు: ఎందుకు వెలుగుతుందంటే పాత ఫిజిక్సు రెండు కారణాలు చెప్పేది. మాగ్నెట్ కదిలితే దాని క్షేత్రం మారి విద్యుత్ క్షేత్రం పుడుతుంది, అది ఎలక్ట్రాన్లను తోస్తుంది. కాయిల్ కదిలితే విద్యుత్ క్షేత్రం ఊసే లేదు, వైరుతోపాటు పోయే ఎలక్ట్రాన్లను అయస్కాంత క్షేత్రమే పక్కకు నెడుతుంది. ముల్లు ఒకటే, ఎగురుడూ ఒకటే, కథలు రెండు! 1905లో ఐన్‌స్టీన్ తన రిలేటివిటీ (సాపేక్షత) వ్యాసం మొదలుపెట్టింది ఈ మాగ్నెట్, కాయిల్‌తోనే. దాని పేరే 'కదిలే వస్తువుల విద్యుద్గతిశాస్త్రం'. రైళ్లూ గడియారాలూ దాని తర్వాతి మాట.

మామ: అంటే ప్లాట్‌ఫారం మీదోడికి ఉత్త మాగ్నెట్‌గా కనపడేది, పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో పొయ్యేవాడికి కొంత కరెంటు క్షేత్రంగా కూడా కనపడతాదా?

అల్లుడు: అంతే. ఎవరికెంత వాటా అన్నది వాళ్ల వేగాన్ని బట్టి. అందుకే ఆ వాక్యం రాసుకున్నా. ఒకే వైపు కరెంటు పోయే రెండు వైర్లు ఒకదాన్నొకటి లాగుతాయా లేదా?

మామ: లాగుతాయి.

అల్లుడు: ఒక వైరులోని ఎలక్ట్రాన్‌తోపాటు నువ్వూ పోతున్నావనుకో. పక్క వైరులోని రాగి అయాన్లు, అంటే ఎలక్ట్రాన్లు పోగా మిగిలిన ధనావేశపు పరమాణువులు, వెనక్కి పోతున్నట్టు కనపడతాయి. రిలేటివిటీ ప్రకారం కదిలేదాని పొడవు తగ్గుతుంది గనక అవి దగ్గర దగ్గరగా జరిగి, ధనావేశం కాస్త ఎక్కువవుతుంది. ఆ ఎక్కువే నిన్ను లాగేది.

మామ: వైరులో ఎలక్ట్రాన్లు ఎంత వేగంగా పోతాయేంది?

అల్లుడు: 1 స్క్వేర్ ఎమ్మెమ్ రాగి వైరులో 1 ఆంపియర్ డీసీ పోతుంటే గంటకు సుమారు 26 సెంటీమీటర్లు. జానెడు మీద కొంచెం.

మామ: గంటకు జానెడా! నత్త నయం గదా! ఆ నడకకి పొడవు తగ్గేదేంది, అది నా వైరును లాగేదేంది? కాంతి వేగంలో సగమన్నా ఉంటే నమ్ముతా.

(నాకూ అదే సందేహం. అల్లుడు మామ వైండింగ్ డేటా పుస్తకంలో ఖాళీ పేజీ తీసుకుని లెక్క వేశాడు.)

అల్లుడు: తగ్గేది నిజంగానే అతి తక్కువ. ఈ వేగాన్ని కాంతి వేగంతో భాగించి వర్గం చేస్తే, దశాంశ బిందువు తర్వాత 25 సున్నాలు వేసి 6 రాయాలి. కానీ ఒక్క మీటరు వైరులో పరిగెత్తే ఎలక్ట్రాన్ల ఆవేశం ఎంత? సుమారు 13,600 కూలుంబులు. మీటరు ఎడంలో ఉన్న రెండు వైర్లలో అయాన్లే లేకపోతే, ప్రతి మీటరు పొడవు మీదా తోసే బలం ఎంతో తెలుసా? 33 పక్కన 17 సున్నాలు, న్యూటన్లలో. అయాన్లు దాన్ని సరిగ్గా తూచి రద్దు చేస్తున్నాయి గనక మనకు తెలియడంలేదు. ఆ కొండంత బలాన్ని ఆ ఆవగింజతో గుణించు.

(నేను ఫోన్లో గుణించాను. 0.0000002 న్యూటన్లు. 1948 నుంచి 2019 దాకా ఆంపియర్‌ను నిర్వచించిన అంకె అదే! కాలేజీలో బట్టీ పట్టిన ఆ అంకె నత్తనడకలోంచి పుట్టుకురావడం చూసి నా ఒళ్లు జలదరించింది.)

మామ: లెక్క బాగుండాది, ఒప్పుకుంటా. మరి ఈ స్పీకరు మాగ్నెట్టులో వైరేది, కరెంటేది?

అల్లుడు: అందులో ముఖ్యంగా ఎలక్ట్రాన్ల స్పిన్, అంటే ప్రతి ఎలక్ట్రాన్‌నూ ఒక చిన్న మాగ్నెట్‌లా చేసే సహజ గుణం. 1928లో డిరాక్ రిలేటివిటీని క్వాంటం లెక్కలో కలిపితే అదీ బయటికొచ్చింది.

మామ: స్పిన్నంటే బంతి తిరిగినట్టు తిరగడమేనా?

అల్లుడు: కాదు.

మామ: మరి కదిలేదేమీ లేకుండా అయస్కాంతం ఉన్నట్టే గదా! నీ వాక్యం యాడ నిలబడతాది? పోనీ, కరెంటు పొయ్యే వైరు దగ్గరికే రా. దాని పక్కన అయస్కాంతం అనేదే కనపడకుండా పోవాలంటే నేను ఎంత వేగంతో పోవాల?

(అల్లుడు కాసేపు మాట్లాడలేదు. ఇక్కడ నేను మామ పక్షమే.)

అల్లుడు: ఎంత వేగంతో పోయినా పోదు మామా. పాత టీవీ ట్యూబులో వరసగా పోయే ఎలక్ట్రాన్ల వెంట పరిగెత్తితే వాటి అయస్కాంతం మాయమై విద్యుత్తే మిగులుతుంది. వైరు దగ్గర అట్టా కుదరదు. అయస్కాంత క్షేత్రాన్ని కాంతి వేగంతో గుణించి వర్గం చెయ్యి, అందులోంచి విద్యుత్ క్షేత్రపు వర్గం తీసెయ్యి. మిగిలేది ఎవరు చూసినా ఒకటే. నిలబడి చూస్తే వైరు బయట విద్యుత్ క్షేత్రం లేదనుకున్నాం, అయస్కాంతం ఉంది. అంటే మిగిలేది సున్నా కంటే ఎక్కువ, అలాంటప్పుడు అయస్కాంతాన్ని సున్నా చేసే వేగం ఏదీ ఉండదు.

మామ: ఇంకొకటి చెప్పు. ఆ కాంతి వేగమన్న మాట మీ లెక్కల్లోకి ముందు ఎట్టా వచ్చింది?

అల్లుడు: 1856లో వెబర్, కోల్‌రౌష్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు లేడెన్ జాడీలో (ఆవేశాన్ని దాచే గాజు జాడీ) కూర్చిన ఆవేశాన్ని కొలిచి, దాన్నే కాయిల్ గుండా వదిలి అయస్కాంత సూది ఎంత ఊగిందో చూశారు. ఆ రెండు కొలతల నిష్పత్తిలోంచి వచ్చిన వేగం కాంతి వేగానికి దగ్గర పడింది. 1865 నాటి వ్యాసంలో మాక్స్‌వెల్ కాంతి విద్యుదయస్కాంత తరంగమే అన్నాడు. ఆ వేగం దేనితో పోల్చి అన్న పీటముడి అక్కడే పడింది. ఈథర్‌తో, అంటే కాంతిని మోస్తూ అంతటా నిండి ఉందని అప్పట్లో అనుకున్న పదార్థంతో అన్నారు. 1887లో మైకెల్సన్, మోర్లీ వెతికితే ఈథర్ గాలి జాడ దొరకలేదు. ఐన్‌స్టీన్ మాక్స్‌వెల్ సమీకరణాల్ని ముట్టుకోలేదు మామా, న్యూటన్‌నే సరిదిద్దాడు.

మామ: అట్టయితే నువ్వు రాసింది తిరగేసుకో. అయస్కాంతం రిలేటివిటీకి పుట్టలా, రిలేటివిటీనే కాయిళ్లూ సూదుల దగ్గర పుట్టింది.

అల్లుడు: పుట్టిన వరస నువ్వన్నదే. కానీ విద్యుత్తు, అయస్కాంతం వేరువేరు అని మాత్రం నువ్వు అనలేవు. ముల్లు ఎగరడానికి ఒకే కారణం చెప్పాలంటే రెండిటినీ కలిపి ఒకే క్షేత్రం అనాల్సిందే.

మామ: అది నేనెప్పుడు కాదన్నా? ఒకదాన్ని ఉంచి రెండోదాన్ని లేదంటివే, అక్కడే నాకు మండింది.

(అల్లుడు తన నోట్సు తీసి 'విడిగా' తర్వాత ఉన్నదంతా కొట్టేసి, 'ఉండదు, విద్యుత్తూ అంతే' అని రాసుకున్నాడు. మామ మీటరు పిన్నులు విప్పి, డేటా పుస్తకంలో ఆ లెక్కున్న పేజీ తిప్పి చూశాడు. పక్క పేజీలో 5 హెచ్‌పీ మోటారు చుట్ల లెక్కలున్నాయి.)

మామ: ఇదే లెక్క, వైర్ల ఎడం అంగుళమైతే ఎంత లాగుతాదో కింద రాసిపో. కాయిల్లో చుట్లు మీటరు ఎడంలో ఉండవు.